దీపాల వీధిలో ఉప్పుపిట్టలు

గంధవతీ నగరానికి ఏడు ద్వారాలు. ఆ సాయంకాలం ఆరింటిని మూసి, తూర్పు ద్వారం ఒక్కటే తెరిచి ఉంచారు. ఫాల్గుణ పౌర్ణమి రాత్రి దీపాల వీధిలో జరిగే పాటల జాతరకు పల్లెపల్లెల నుంచి వచ్చిన జనమంతా ఆ ఒక్క ద్వారంలో నుంచే, ఒకరి వీపు ఒకరు తోసుకుంటూ లోపలికి సాగుతున్నారు.

ద్వారం కమాను మీద తొమ్మిది ఉప్పుపిట్టలు వరసగా కూర్చుని ఉన్నాయి. పిచ్చుక కంటె పెద్దవి, పావురం కంటె చిన్నవి, బూడిద రంగువి. వాటికి గింజలు అక్కర్లేదు, పురుగులు అక్కర్లేదు. మనిషి కన్నీరే వాటికి తిండి. పొగకు వచ్చిన నీళ్ళను ముట్టవు, నవ్వులో వచ్చిన నీళ్ళను ముట్టవు. దుఃఖంతో వచ్చిన నీరే వాటికి రుచి. ఎనిమిదేళ్ళ క్రితం మాంత్రికుడు ధూమకంఠుడు రాజమందిరాన్ని తగలబెట్టి, రాజును చంపి, సింహాసనం ఎక్కిన మరునాడే వాటిని నగరం మీదికి వదిలాడు. చచ్చిన రాజును తలుచుకుని ఎవరు కంటతడి పెట్టినా భుజం మీద పిట్ట వాలేది. పిట్ట వాలిన మనిషి తెల్లవారేసరికి ఇంట్లో ఉండేవాడు కాదు. అందుకే గంధవతిలో తల్లులు పిల్లలకు నడక కంటె ముందు ఏడుపు మింగడం నేర్పారు.

ఆ పిట్టల కింద నుంచి భుజాన డోలు వేసుకుని ఒక మనిషి నడిచి వస్తున్నాడు. ముప్ఫయ్యేళ్ళవాడు, పొడగరి, కాళ్ళు గుర్రపు స్వారికి అలవాటుపడి కాస్త వంగి ఉన్నాయి. పేరు చెన్నమల్లు. చచ్చిన రాజు కొడుకు, యువరాజు సుధన్వుడి గుర్రాలను చూసే సాహిణి. ఐదు రోజుల క్రితం నల్లలోయ యుద్ధంలో సుధన్వుడు అతని ఒడిలోనే ప్రాణం విడిచాడు.

ఆ ఐదు రోజుల్లోనూ చెన్నమల్లు కంట ఒక్క చుక్క రాలేదు. ఆకలి వేయలేదు, నిద్ర రాలేదు. దారిలో ముల్లు దిగబడితే రక్తం కనిపించాకగాని తెలియలేదు. లోకమంతా దళసరి గోడకు అవతల ఎక్కడో జరుగుతున్నట్టుంది. పిట్టలు తొమ్మిదీ మెడలు సాచి అతని మొహంలోకి చూసి, మళ్ళీ మెడలు లోపలికి లాక్కున్నాయి.

కావలివాడు ఈటె అడ్డం పెట్టాడు.

"మోసేవాడివా, వాయించేవాడివా?"

"వాయించేవాణ్ణే."

"ఏదీ, వాయించు చూద్దాం."

చెన్నమల్లు జన్మలో డోలు పట్టినవాడు కాడు. దారిలో సన్నాయి పోలయ్య అనే ముసలి విద్వాంసుడు కనబడి, తన డోలువాడు జ్వరంతో పడిపోయాడని చెప్పి, డోలు మోయడానికి తోడు రమ్మంటే వచ్చాడు. ఇప్పుడు ఈటె మొన గుండెల మీద ఉంది. అతను కర్ర ఎత్తి తనకు తెలిసిన దరువు ఒక్కటే వేశాడు. రాతి నేల మీద గుర్రం మొదట అడుగులో, తరవాత దుడుకులో, ఆ తరవాత నాలుగు కాళ్ళూ ఎత్తి దౌడులో పోయే దరువు. వెనక ఉన్న జనం కాళ్ళు కదిపారు. కావలివాడు తల కూడా ఊపాడు.

"పో, పో. బాగానే ఉంది."

ద్వారం దాటాక పోలయ్య అతని చెవి దగ్గర గొణిగాడు. "అబ్బాయీ, నీ వాయింపులో గుర్రం ఉందిగాని పెళ్ళి లేదు. ఎవరివి నువ్వు?"

"గుర్రాలవాణ్ణే పెద్దయ్యా. దీపాల వీధిలో ఒకరికి కబురు చెప్పాలి. చెప్పి వెళ్ళిపోతాను."

పోలయ్య అతని మొహంలోకి ఒక క్షణం చూశాడు. "అయితే త్వరగా చెప్పుకో. రెండో జాము గంటకు ఏదో చాటింపు ఉందట. పిట్టల్ని కూడా వీధిలోకి తెస్తున్నారు. జాతరలో పిట్టలేమిటో, ఇదెక్కడి చోద్యమో!"

చెన్నమల్లు అడుగు ఆగింది. సంగతి అతనికి వెంటనే అర్థమైంది. సుధన్వుడి తల్లి, రాజమాత కేతకీదేవి, మందిరం తగలబడిన రాత్రి మాయమైంది. పట్టాభిషిక్తురాలు ఆమె ఒక్కతె బతికి ఉన్నా పన్నెండు మన్యాల దొరలూ తనకు తల వంచరని ధూమకంఠుడికి తెలుసు. ఎనిమిదేళ్ళుగా వెతికిస్తున్నాడు, దొరకలేదు. కొడుకు చావును నిండు జాతరలో చాటించి, ఎవరి మీద పిట్ట వాలుతుందో చూస్తే సరిపోతుంది.

సుధన్వుడు చివరి ఊపిరితో చెప్పిన మాట కూడా ఆమె గురించే. "దీపాల వీధిలో గుమ్మెట వాయించే బయ్యమ్మ మా అమ్మ. ఎడమ అరచేతిలో కాలిన మచ్చ ఉంటుంది. ఈ కబురు ఆమె వాడి నోట వినగూడదు, చెన్నమల్లూ."

రెండో జాముకు ఇంక ఘడియకు మించి వ్యవధి లేదు. చెన్నమల్లు డోలును పోలయ్యకు అప్పగించి జనంలోకి దూకాడు.

ఆ రాత్రి దీపాల వీధి శోభ వర్ణించబోతే నాలుకలు చాలవు! వీధికి రెండు పక్కలా ఇళ్ళ అరుగుల మీద ప్రమిదలు, వాకిళ్ళకు అడ్డంగా కట్టిన దండెల నిండా ప్రమిదలు, మేడల పిట్టగోడల మీద ప్రమిదలు. పైన పున్నమి చంద్రుడు ఈ వెలుగులో వెలవెలబోయి, పిలవని పేరంటానికి వచ్చినవాడిలా మబ్బు వెనక నిలబడ్డాడు. ప్రతి అరుగూ ఒక కచేరీ. ఇక్కడ కిన్నెర మీటుతూ ఒక గుడ్డి గాయకుడు వీరుల కథ చెబుతుంటే, అక్కడ పది మంది ఆడవాళ్ళు చిరతలు కొడుతూ గుండ్రంగా తిరుగుతున్నారు. ఒక మూల జమిడిక గుక్కపెట్టి ఏడ్చినట్టు మోగుతుంటే, ఎదురు మూల తప్పెట్లు దాన్ని వెక్కిరిస్తున్నాయి. సంపెంగల వాసన, కాగుతున్న నెయ్యి వాసన, చెమట వాసన కలగలిసి వీధి మీద గొడుగులా పరుచుకున్నాయి.

చెన్నమల్లు వాటి మధ్య నుంచి చెవిటివాడిలా నడిచిపోయాడు. ఎవరో పానకం లోటా చేతిలో పెట్టారు, తాగాడు, తీపి తెలియలేదు. దివిటీ పట్టుకున్నవాడు తూలి అతని మోచేతికి నిప్పు తగిలించాడు. "అయ్యో, కాలింది బాబూ!" అని ఆడవాళ్ళు అరిస్తే అప్పుడు చెయ్యి చూసుకున్నాడు.

వీధి మధ్యలో గుంపు చిక్కగా ఉంది. పకపక నవ్వులు వినిపిస్తున్నాయి. బోర్లించిన రోలు మీద యాభై అయిదేళ్ళ మనిషి కూర్చుని, ఉడుము చర్మం బిగించిన మట్టి గుమ్మెటను ఒడిలో పెట్టుకుని వాయిస్తోంది. నల్లబడిన మొహం, తాంబూలంతో పండిన నోరు, బొంగురు గొంతు. అత్తగారి కంట పడకుండా మీగడ తిన్న కోడలి మీద పాట పాడుతోంది. గుమ్మెట మెడ చుట్టూ మూరెడు చామంతి దండ. ఎడమ చెయ్యి పైకి లేచినప్పుడల్లా అరచేతిలో ముడతలు పడిన పాత మచ్చ దీపాలకు మెరుస్తోంది.

ఆమె పక్కన తాళం వేసేవాడు కల్లు మత్తులో గోడకు ఒరిగిపోయాడు. చెన్నమల్లు వెళ్ళి వాడి చేతిలోని తాళాలు తీసుకుని ఆమె వెనక చతికిలబడ్డాడు.

చరణం అయింది. ఆమె తల తిప్పకుండానే అంది, "నీ తాళం కుంటుతోంది నాయనా. ఎవరి మనిషివి?"

"చిన్నదొర మనిషిని. చెన్నమల్లును. గుర్రాలు చూస్తాను."

గుమ్మెట మీద చెయ్యి ఆగలేదు. "ఎలా ఉన్నాడు?"

ఈ మాటను ఎలా చెప్పాలా అని అతను ఐదు రోజులు ఆలోచించాడు. ఇప్పుడు అనుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"లేడమ్మా."

ఆమె తరవాతి చరణం ఎత్తుకుంది. కోడలు మూతికి అంటిన మీగడను పిల్లి మీదికి నెట్టే చరణం అది. జనం విరగబడి నవ్వారు. గుమ్మెట వేసిన దరువు వేసినట్టే ఉంది. ఆమె వీపు మాత్రం రాయిలా బిగుసుకుపోయింది.

నవ్వుల మాటున అడిగింది. "ఎక్కడ?"

"నల్లలోయలో. బాణం. మెడ కింద దిగింది."

"ఎంతసేపు ఉన్నాడు?"

"పొద్దు వాలేదాకా."

"నీళ్ళు అడిగాడా?"

"అడిగాడు. ఇచ్చాను."

ఆమె మరో చరణం పాడింది. అది కూడా నవ్వించేదే. పాడి, గుమ్మెటను మోకాలి మీదికి జరుపుకుంటూ, "నీకు ఏడుపు వచ్చిందా?" అంది.

"రాలేదమ్మా. ఇప్పటికీ రావడం లేదు."

"నాకూ రావడం లేదు. లోపల ఏదో ఒక్కసారి ఆరిపోయినట్టుంది."

"రాకపోవడమే మంచిదమ్మా. ఇంకాసేపట్లో ఈ మాటే చాటింపు వేస్తారు. పిట్టల్ని తెస్తున్నారు. మీ కోసమే."

అతను ఆ మాట ముగించాడో లేదో, రెండో జాము గంట మోగింది.

ఖంగుఖంగుమని రెండు దెబ్బలు. వీధిలో వాద్యాలన్నీ ఒకటొకటిగా ఆగిపోయాయి. ఏనుగు మీద చాటింపువాడు, తెల్ల గుర్రం మీద దళవాయి, ఇరవైమంది భటులు వచ్చి నడివీధిలో నిలిచారు. ఏనుగు అంబారీకి వేలాడుతున్న వెదురు పంజరం మీది ముసుగు లాగేశారు. పిట్టలు తొమ్మిదీ రెక్కలు విదిల్చాయి.

"వినండహో! మహామాంత్రిక ధూమకంఠ ప్రభువుల వారి ఆన! దొంగదారిన రాజ్యం కోరిన సుధన్వుడు నల్లలోయలో హతమయ్యాడు! వాడి వెంట నిలిచినవాళ్ళందరూ హతమయ్యారు! వినండహో!"

పంజరం తలుపు తెరుచుకుంది.

సూది పడితే వినిపించే నిశ్శబ్దం. ఏడుపు మింగడం తెలిసిన నగరం అది. వేల కళ్ళు ఆరిపోయి, మెరవకుండా, రెప్ప వాల్చకుండా నిలబడ్డాయి. పిట్టలు తలల మీద నుంచి తక్కువ ఎత్తులో ఎగురుతూ ఒక్కొక్క మొహాన్నీ వాసన చూశాయి. ఒక పిట్ట కేతకీదేవి మొహం ముందు రెక్కలాడిస్తూ ఆగింది. ఆమె దాని కళ్ళలోకి చూస్తూ తాంబూలం నమిలింది. పిట్ట వెళ్ళిపోయింది.

పది బారల అవతల ఎవరో వెక్కిన చప్పుడు వినిపించింది. అరుగు పక్కన పూలబుట్టతో కూర్చున్న నాంచారమ్మ అనే పూలావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. తొమ్మిది పిట్టలూ ఒక్కసారిగా ఆమె మీదికి దిగాయి.

"దొరికింది!" అని దళవాయి గుర్రం ముందుకు దూకించాడు. "ఈడు కూడా సరిగ్గా సరిపోయింది. పట్టుకోండి రాజమాతను!"

"నేను రాజమాతను కాదు దొరా! పూలమ్ముకునేదాన్ని! నిరుడు దండులోకి పట్టుకుపోయారు నా పిల్లాణ్ణి, మళ్ళీ రాలేదు. యుద్ధం మాట చెవిన పడితే ఆగలేకపోయాను. నేను ఏడ్చింది నా కొడుకు కోసం!"

దళవాయి నవ్వాడు. "మేమూ అదేగా అంటున్నాం!"

భటులు ఆమె చేతులు వెనక్కి విరిచి తాడు బిగించారు. కేతకీదేవి రోలు మీద నుంచి లేచింది. చెన్నమల్లు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"కూర్చోండమ్మా. చిన్నదొరకు మాటిచ్చాను."

"నాలుగేళ్ళుగా రోజూ నా గుమ్మెటకు మూరెడు చామంతులు చుడుతోందిరా ఆ నాంచారమ్మ. ఒక్కనాడు పైస అడగలేదు. ఆమెను నా పేరు పెట్టి చంపుతుంటే చూస్తూ కూర్చోమంటావా? చెయ్యి వదులు."

అతను వదిలేశాడు. ఆమె గుమ్మెటను చంకకు బిగించి, ఆ నిశ్శబ్దంలో ఒక్క దెబ్బ వేసి, గొంతెత్తింది. మీగడ పాట కాదది. గంధవతిలో ప్రతి ఇంటి తల్లీ ఒకప్పుడు సందె దీపం పెట్టాక గడపలో నిలబడి పాడుకునే పాట. ఎనిమిదేళ్ళుగా ఎవరూ బయటికి పాడని పాట.

"కాగులో నీళ్ళు చల్లారె, మళ్ళీ కాస్తానులే
కంచంలో అన్నం ఆరిపోయె, మళ్ళీ వండేనులే
పొద్దు గూకె, గడపలో నీ చెప్పులేవిరా
రారా నాయనా, తలుపు వెయ్యలేదురా..."

రెండో సారి ఎత్తుకునేసరికి ఎక్కడినుంచో పోలయ్య సన్నాయి అందుకుంది. జమిడిక అందుకుంది. చిరతలు పట్టుకున్న ఆడవాళ్ళు అందుకున్నారు. ఆ వీధిలో దండుకు మనిషిని పోగొట్టుకోని ఇల్లు లేదు. ముందు ఒక ముసలాయన మీసం తడిసింది. తరవాత అతని పక్కనున్న పడుచుపిల్ల. ఆ తరవాత వెల్లువే. ఎనిమిదేళ్ళు మింగిన ఏడుపంతా ఒక్క పాటలో కట్ట తెంచుకుంది. వీధి వీధంతా గొల్లుమంది.

ఉప్పుపిట్టలకు పిచ్చెత్తింది. నాంచారమ్మను వదిలి ఇటు ఎగిరాయి, అటు ఎగిరాయి, ఏ మొహం మీద వాలాలో తెలియక ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. తాగి తాగి పొట్టలు ఉబ్బి రెండు నేల మీద పడిపోయాయి. ఒకటి ఈటె పట్టుకున్న ఒక భటుడి భుజం మీద వాలింది. వాడికీ ఎవరో ఉన్నారు కాబోలు.

"పాట ఆపండి! ఆ గుమ్మెటదాన్ని పట్టుకోండి!" అని దళవాయి అరిచాడు.

ఏడవని మనిషి ఆ వీధి జనంలో చెన్నమల్లు ఒక్కడే. అతని కళ్ళు మసకబారలేదు గనుక అంతా తేటగా కనిపిస్తోంది. మూడు అంగల్లో నాంచారమ్మను చేరి, మొలలో కత్తి తీసి తాడు కోశాడు. చిరతల ఆడవాళ్ళు ఆమెను తమ వలయంలోకి లాక్కున్నారు, వలయం ఒక చుట్టు తిరిగేసరికి నాంచారమ్మ లేదు. దళవాయి కత్తి చెన్నమల్లు తల మీదికి లేచింది. చెన్నమల్లు కత్తిని చూడలేదు, గుర్రాన్ని చూశాడు. దాని చెవి వెనక చెయ్యి వేసి నాలుకతో రెండుసార్లు చప్పుడు చేశాడు. తెల్ల గుర్రం ముందు కాళ్ళు ఎత్తేసింది. దళవాయి ఏనుగు కాళ్ళ దగ్గర వెల్లకిలా పడ్డాడు. రెప్పపాటులో చెన్నమల్లు జీను మీద ఉన్నాడు, రోలు దగ్గర నుంచి ఎత్తుకున్న కేతకీదేవి అతని ముందు ఉంది.

గుర్రం దూసుకుపోయింది. వెనక జనం డోళ్ళూ తప్పెట్లూ రోళ్ళూ దొర్లించి భటులకు దారి లేకుండా చేశారు. దండెల మీది ప్రమిదలు తలల పైనుంచి నక్షత్రాల్లా వెనక్కి పోతున్నాయి. ఇంతలో కోట బురుజు మీద నుంచి నల్లటి పొగ ఒకటి కొండచిలువలా జారి వీధిలోకి దిగింది. అది ధూమకంఠుడి ఊపిరి. ఆ పొగ పాకిన మేరా దీపాలు టపటపా ఆరిపోతున్నాయి. వెనక వెయ్యి దీపాలు ఆరాయి, చీకటి వంద బారల దూరానికి వచ్చింది, యాభై బారలకు వచ్చింది. గుర్రం తోక వెంట్రుకలు కమురు వాసన కొట్టాయి.

"నదికి!" అంది కేతకీదేవి.

చెన్నమల్లు కళ్ళెం ఎడమకు లాగాడు. చాకిరేవు మెట్లు, ఒకదాని మీద ఒకటి అరవై. గుర్రం ఆరు దూకుల్లో దిగింది. రేవులో తాటిదోనె ఒకటి కట్టి ఉంది. ఇద్దరూ అందులోకి దూకారు. చెన్నమల్లు గుర్రం మెడ నిమిరి, కళ్ళెం ఊడదీసి, పిర్ర మీద చరిచాడు. అది ఒడ్డు వెంట పరుగెత్తింది. పొగ మెట్ల చివరిదాకా వచ్చి, నీటిని తాకి, బుస్సుమని వెనక్కి ముడుచుకుంది.

శంఖినీ నది మధ్యకు వచ్చాక చెన్నమల్లు గడను వాలుకు తిప్పబోయాడు.

"దిగువన మన్యం దొరల ఊళ్ళున్నాయమ్మా. తెల్లారేసరికి చేరిపోతాం."

కేతకీదేవి గుమ్మెట పక్కన పెట్టింది. అంతసేపు పాడిన గొంతు ఇప్పుడు గుసగుసలా ఉంది. "నా బిడ్డను ఏం చేసి వచ్చావు?"

"రాళ్ళు పేర్చి కప్పాను. నేను ఒక్కణ్ణే మిగిలాను, కట్టెలు కొట్టే వ్యవధి లేదు."

"అంటే నిప్పు పడలేదు."

"లేదమ్మా."

"అయితే ఎదురేటికి పట్టు, నల్లలోయకు."

"ఎదురేటి ఒడ్డునంతా వాళ్ళ దండు దిగి ఉంది."

"నా కొడుకు కూడా అక్కడే ఉన్నాడు."

చెన్నమల్లు గడ తిప్పాడు. దోనె ముక్కు ఎగువకు మళ్ళి, ఒక పరుగు సాగిందో లేదో, రెండు ఒడ్లనా ఉన్న నీటి బురుజుల మీద బూరలు ఊదారు. అడుగున పడి ఉన్న ఇనుప గొలుసు ఒడ్డు నుంచి ఒడ్డుకు, నాచు ఓడుతూ, కరకరమంటూ పైకి లేవసాగింది. అది పూర్తిగా లేస్తే నదిలో చేపకు కూడా దారి ఉండదు. వెనక రేవులో దివిటీలు పడవలెక్కుతున్నాయి.

ఆ గొలుసు చివర ఎడమ బురుజు అడుగున, నీళ్ళలో, ఒక కొండికి తగిలించి ఉంటుంది. కుర్రతనంలో గుర్రాలను కడగడానికి అక్కడికే తోలుకొచ్చేవాడు గనుక చెన్నమల్లుకు ఆ చోటు తెలుసు. గడను కేతకీదేవి చేతికిచ్చాడు.

"గొలుసు పడిపోగానే నా కోసం ఆగకండి."

"ఆగుతాను. వెళ్ళు" అందామె.

అతను చప్పుడు కాకుండా నీళ్ళలోకి జారాడు. పున్నమి వెలుగు రెండు బారల లోతుకే అయిపోయింది. ఆ కింద అంతా కాటుక. నీటి చలి అతనికి తెలియలేదు. గొలుసు కడియాలను ఒకటొకటే తడుముకుంటూ, రాతి గోడ తగిలేదాకా వెళ్ళి, కొండి కోసం చెయ్యి చాచాడు.

కొండి మీద అప్పటికే ఒక చెయ్యి ఉంది. అది కొండిని ఊడదీయడానికి పెనుగులాడుతోంది. చెన్నమల్లు వేళ్ళు తగలగానే గిరుక్కున తిరిగి, అతని మణికట్టును ఉడుంపట్టు పట్టి, ఇంకా లోతుకు లాగసాగింది.